సిస్టమ్ తెలుగు తీసుకోదు సార్: 11 ఏళ్ళ బండితో నా అనుభవం

ముందే చెప్పేస్తా, ఇది బండిని తిట్టడానికి రాస్తున్నది కాదు. 2014 ఆగస్టులో కొన్న పెట్రోల్ బండి, ఇప్పటికి 1,62,000 కిలోమీటర్లు తిరిగింది, ఇంజిన్ ఒక్కసారి కూడా విప్పలేదు. కంపెనీ పేరు చెప్పను. చెప్పినా ఒరిగేదేం లేదు, మా బావమరిదిది వేరే కంపెనీ బండి, వాడు చెప్పే షోరూము కథలు అచ్చం నావిలాగే ఉంటాయి, బోర్డు మీద పేరు మార్చుకుంటే చాలు.

నేనుండేది కావలి. రొయ్యల గుంటల నీళ్ళు పరీక్ష చేసే చిన్న ల్యాబ్ ఉంది. పొద్దున్నే బయల్దేరి ఒకరోజు ఇస్కపల్లి, తుమ్మలపెంట వైపు, ఒకరోజు రామాయపట్నం, కరేడు వైపు గుంటలన్నీ తిరిగి, డబ్బాల్లో నీళ్ళు పట్టుకుని ఎండెక్కేలోపు ల్యాబ్‌కి చేరాలి. అంటే నా బండి హైవే మీద తిరిగేది సగమే, మిగతా సగం గుంటల కట్టల మీదే.

ఇంత తిప్పినా పదేళ్ళ పాటు అది నన్ను రోడ్డు మీద నిలబెట్టింది లేదు. బ్యాటరీ 2018లో మార్చా. టైర్లు ఇప్పటికి మూడు సెట్లు. 60,000 దగ్గర ముందు చక్రాల దగ్గర సస్పెన్షన్‌లో లోయర్ ఆర్మ్ బుష్‌లు, లింక్ రాడ్లు పోయాయి, అది కట్టల పుణ్యం. 2019 ఎండాకాలంలో ఏసీ చల్లబడటం మానేసింది, బంపర్ తీసి చూస్తే కండెన్సర్ రేకులు వేలు తగిలితే పొడి పొడిగా రాలిపోతున్నాయి. పల్చటి అల్యూమినియం, సముద్రపు గాలి, ఇంకేముంది. 2020లో సైలెన్సర్ తుప్పుపట్టి చిల్లు పడింది. క్లచ్ 1,10,000 దగ్గర. ఇదంతా అరుగుదల లెక్క, వీటికి పెట్టిన డబ్బుల గురించి నాకు ఏ బాధా లేదు. మనిషికి మాత్రం పళ్ళు ఊడవా, మోకాళ్ళు అరగవా.

బాధంతా సర్వీసు దగ్గరే. కొన్న కొత్తలో మూడు ఫ్రీ సర్వీసులన్నారు, ఫ్రీ అంటే లేబర్ ఒక్కటే ఫ్రీ, ఆయిలూ ఫిల్టరూ మన డబ్బులే, సరే అది అందరికీ తెలిసిందే. తర్వాత నుంచి వెళ్ళిన ప్రతిసారీ లిస్టులో ఒక కొత్త పేరు. ఇంజిన్ డీకార్బనైజింగ్, ఏసీ డిస్‌ఇన్ఫెక్షన్, ఇంకేవేవో కోటింగులు. అడ్వైజర్ అవన్నీ వరసగా చదువుతుంటే కల్యాణ మండపం మేనేజరు ప్యాకేజీలు చెప్పినట్టుంటుంది. నేను చాలావాటికి వద్దనేవాణ్ణే. ఒక్కదానికి మాత్రం ఎప్పుడడిగినా సరే అన్నా, బండి అడుగున తుప్పు పట్టకుండా కొట్టే కోటింగ్, ఉప్పు గాలిలో తిరిగే బండి కదా అని. 3,500 రూపాయలు ఒకసారికి.

2020లో సైలెన్సర్ మార్చడానికి కావలిలోనే ఒక షెడ్డులో బండి పైకెత్తితే నేనూ కిందకి దూరి చూశా. నల్లటి కోటింగ్ ఒకచోట ఉబ్బినట్టుంటే గోటితో గీకా. అరచేయంత పెచ్చు ఊడి చేతిలోకొచ్చింది. పెచ్చు వెనకవైపు ఎండిపోయిన గుంట మట్టి, అందులో అతుక్కుని ఒక గడ్డిపోచ. మట్టి కడక్కుండా దాని మీదే కొట్టేశారన్నమాట, తుప్పు పట్టకుండా కాపాడింది మట్టిని. ఆ పెచ్చు చాన్నాళ్ళు డ్యాష్‌బోర్డు డబ్బాలో దాచుకున్నా, ఎవరికి చూపించాలో తెలీక చివరికి పారేశా.

అంత తెలిసీ మళ్ళీ అక్కడికే ఎందుకు పోయావని మా ఆవిడ ఇప్పటికీ అడుగుతుంది. షోరూము రికార్డు ఉంటే అమ్మేటప్పుడు రేటు పలుకుతుందని ఒక ఆశ. కంప్యూటర్ పెట్టి చూడటం లాంటివి బయట మెకానిక్కుల వల్ల కాదని ఒక భయం. ఆ భయం కూడా మనకు ఊరికే రాలేదు. సరిగ్గా నేను బండి కొన్న నెలలోనే, 2014 ఆగస్టు 25న, కాంపిటీషన్ కమిషన్, అంటే వ్యాపారంలో పోటీ సరిగ్గా ఉందో లేదో చూసే కేంద్ర సంస్థ, 14 కార్ల కంపెనీల మీద మొత్తం 2,544 కోట్ల రూపాయల జరిమానా వేసింది, స్పేర్ పార్టులూ రిపేరుకు కావాల్సిన పరికరాలూ బయట గ్యారేజీలకు అందకుండా చేస్తున్నారని. పేపర్లో వచ్చింది. కొత్త బండి సంబరంలో ఉన్నా కదా, పేజీ తిప్పేశా.

అసలు తిప్పలు 2025 జూన్‌లో మొదలయ్యాయి. అమ్మను నెల్లూరులో కంటి డాక్టరుకు చూపించి తిరిగొస్తున్నా. కోవూరు దాటాక హైవే మీద ఒక వంతెన అతుకు దగ్గర బండి చిన్నగా ఎగిరిపడింది, అంతే, ఇంజిన్ ఆగిపోయింది. ఆగడమంటే గుడగుడలాడి ఆగడం కాదు, స్విచ్ కట్టేసినట్టు. స్టీరింగ్ ఒక్కసారిగా బరువెక్కిపోయింది, బ్రేక్ రాయిలాగా గట్టిపడింది, వెనక లారీ హారన్ మోత. ఎలాగో పక్కకు లాగి హజార్డ్ లైట్లు వేశా. వెనక సీట్లో అమ్మ కళ్ళల్లో మందు వేయించుకుని ఏమీ కనపడక, "ఏందిరా, ఇంటికొచ్చేశామా" అంటోంది. ఐదు నిమిషాలాగి కీ తిప్పితే ఏమీ ఎరగనట్టు స్టార్టయింది.

తర్వాత వారంలో కట్టల మీద ఇంకో రెండుసార్లు ఆగింది. అప్పుడొకటి గమనించా. మామూలుగా కీ ఆన్ చేయగానే వెనక సీటు కింద నుంచి రెండు సెకన్ల పాటు సన్నగా గుయ్‌మని ఒక శబ్దం వస్తుంది, అది పెట్రోల్ పంపు. పదకొండేళ్ళుగా వింటున్న చప్పుడు. బండి ఆగిపోయిన ప్రతిసారీ ఆ చప్పుడు రావట్లేదు. మళ్ళీ ఆ చప్పుడు వచ్చిందంటే బండి స్టార్టవుతుంది.

ఇదంతా నెల్లూరు షోరూములో అడ్వైజర్‌కి పూసగుచ్చినట్టు చెప్పా. గతుకు దగ్గర ఆగుతోంది, ఆగినప్పుడు వెనక పంపు చప్పుడు లేదు, ఐదు నిమిషాలకు అదే వస్తోంది. కుర్రాడు మంచివాడే, తల ఊపుతూ టకటకా టైప్ చేశాడు. ప్రింట్ తీసిచ్చిన జాబ్ కార్డులో ఉన్నది ఇంతే: "స్టార్టింగ్ ప్రాబ్లమ్, చెక్ అండ్ అడ్వైజ్". నేను చెప్పింది ఆగిపోయే జబ్బు, అతను రాసింది స్టార్ట్ కాని జబ్బు. లోపల పనిచేసే మెకానిక్ నన్ను చూడడు, నా మాట వినడు, అతనికి అందేది ఈ కాగితం ఒక్కటే. అది తెలిసి కూడా తొందరలో సంతకం పెట్టేశా.

రెండు రోజుల తర్వాత ఫోన్. "స్కానర్‌లో ఏ కోడూ రాలేదు సార్. అంతా ఇథనాల్ పెట్రోల్ వల్ల సార్, పాత బళ్ళకు పంపులు పోతున్నాయి." పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ కలుపుతున్నారన్న గొడవ ఆ రోజుల్లో ఏ టీకొట్టు దగ్గర నిలబడినా వినపడేది. నాకూ మైలేజీ కొంచెం తగ్గినట్టే ఉంది, నా బండి ఆ పెట్రోల్‌కోసం తయారైనది కాదన్నదీ నిజమే. కానీ గతుకు ఎక్కడుందో ఇథనాల్‌కి ఎట్లా తెలుస్తుంది? పోనీలే వాళ్ళకే బాగా తెలుసు కదా అని ఒప్పుకున్నా. పంపు మార్చారు, అడగకుండానే థ్రాటిల్ బాడీ (ఇంజిన్‌లోకి గాలి వెళ్ళే దారి) కూడా క్లీన్ చేశారు, బిల్లు పన్నులతో 13,774.

తొమ్మిదో రోజు కరేడు దగ్గర మళ్ళీ ఆగింది.

ఈసారి ప్లగ్గులు, ఇగ్నిషన్ కాయిల్స్. 7,150. రెండు వారాలు బాగా తిరిగింది, నాకూ నమ్మకం కుదిరింది, తర్వాత ఒకేరోజు మూడుసార్లు ఆగింది. మూడోసారి వెళ్ళేటప్పటికి అడ్వైజర్ మారిపోయాడు (అక్కడ ఏ అడ్వైజరూ ఏడాది కంటే ఎక్కువ ఉన్నట్టు నేను చూడలేదు), కథ మొదటినుంచి మళ్ళీ చెప్పాలి. కొత్తాయన బండి చుట్టూ ఒక రౌండు వేసి, "2021 వరదల్లో నీళ్ళెక్కినట్టున్నాయి సార్, నెల్లూరు బళ్ళకు ఇది మామూలే" అన్నాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలీలేదు. 2021 నవంబరులో పెన్నకు వరదొచ్చి పడుగుపాడు దగ్గర హైవే కోసుకుపోయినప్పుడు నేను కావలిలో ఉన్నా, నా బండి సర్వీసుకిచ్చి వీళ్ళ యార్డులోనే ఉంది. రోడ్డు బాగయ్యాకే వెళ్ళి తెచ్చుకున్నా. ఆ తారీకు బిల్లు ఫోన్లోనే ఉంటే తీసి చూపించా. వరదను అక్కడితో వదిలేసి ఈసీఎం దగ్గరకొచ్చాడు, అంటే ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ డబ్బా. 41,000 అవుతుందట. "తొందరేం లేదు సార్, దీపావళికి జీఎస్టీ తగ్గుద్దంటున్నారు, ఆగినా పర్లేదు" అని ఒక సలహా కూడా. బండి హైవే మధ్యలో ఆగిపోతోంది మహాప్రభో అంటే పన్ను తగ్గేదాకా ఆగమంటాడు!

నేను ఒకటే అడిగా. పంపుకి కరెంటు సరిగ్గా వెళ్తోందా లేదా ఎవరైనా మీటరు పెట్టి కొలిచారా? సమాధానం లేదు. పంపు మీద అనుమానం రావడం తప్పు కాదు, నేను చెప్పిన లక్షణాలకు ఎవరికైనా అదే తోస్తుంది. కొలవకుండా మార్చడం తప్పు. నా ల్యాబ్‌లో అమ్మోనియా ఎక్కువ చూపిస్తే రైతుకు వెంటనే మందు రాయను, ఇంకోసారి నీళ్ళు పట్టి కొత్త కిట్‌తో చూస్తా. లేకపోతే నా మాట మీద ఆ రైతు లక్షలు పోసి పెంచిన పంటను అయినకాడికి పట్టేసుకుంటాడు.

ఈసారి జాబ్ కార్డు మీద సంతకం పెట్టే ముందు పెన్ను తీసుకుని నేనే తెలుగులో రాశా: గతుకుల్లో ఇంజిన్ ఆగుతోంది, ఆగినప్పుడు పెట్రోల్ పంపు శబ్దం లేదు, పంపు మార్చినా తగ్గలేదు, పంపు దగ్గర వోల్టేజీ కొలిచి రాయండి, తీసిన పార్టులు నాకు ఇవ్వండి. అడ్వైజర్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "సిస్టమ్ తెలుగు తీసుకోదు సార్" అన్నాడు. సిస్టమ్‌కి కాదులే, కాగితం మీద ఉంటే చాలు అని రెండు కాపీల మీదా రాసి, ఫోటో తీసుకుని వచ్చేశా. మూడు రోజులు ఉంచుకుని, టెస్ట్ డ్రైవ్‌లో సమస్య కనపడలేదు అని రాసిచ్చి పంపించారు. వోల్టేజీ గడి ఖాళీ.

సెప్టెంబరులో రామాయపట్నం దగ్గర ఒక గుంట కట్ట మీద బండి మళ్ళీ మొండికేసింది. డిక్కీలో పదహారు డబ్బాల నీళ్ళున్నాయి, ల్యాబ్‌కి చేరకపోతే రిపోర్టులన్నీ లేటు. అక్కడ ఏరియేటర్ల (గుంటలో నీళ్ళు చిలికి గాలి కలిపే యంత్రాలు) మోటార్లు బాగుచేసే కుర్రాడొకడు ప్యానెల్ బోర్డు విప్పుకుని కూర్చోనున్నాడు, డబ్బాలు తన బైకు మీద తెచ్చిస్తానని డిక్కీ దగ్గరికొచ్చాడు. డబ్బాలు తీస్తూ తీస్తూ ఆగి, చాప కింద చెయ్యి పెట్టాడు. "ఏంది సార్, ఇదంతా తడి?"

చాప ఎత్తితే కింద దూదిలాంటి పొర మొత్తం నానిపోయి ఉంది. నీళ్ళు కూడా కాదు, ఉప్పునీళ్ళు. నా డబ్బాల మూతల్లోంచి కట్టల మీద కుదుపులకు రోజూ కొంచెం కొంచెం కారి, ఏళ్ళ తరబడి అక్కడ చేరింది. ఎడమపక్క ప్లాస్టిక్ ట్రిమ్ లాగితే వెనకాల బాడీకి బిగించిన ఒక బోల్టు, దాని కింద నల్ల వైరు, అంటే పంపు కరెంటు బాడీలోకి తిరిగెళ్ళే ఎర్త్ వైరు. బోల్టు చుట్టూ పచ్చగా తెల్లగా బూజు పట్టినట్టు పేరుకుని, థింబుల్ (వైరు చివర నొక్కే రింగు) ఎక్కడుందో వైరు ఎక్కడుందో తెలియడం లేదు. "బండి గురించి నాకేం తెలవదు సార్, ఇది మాత్రం తెలుసు. ఎర్త్‌ని ఉప్పు తినేసింది. మా ఏరియేటర్లకి నెలకొకటి ఇట్నే పోద్ది" అన్నాడు.

మీటరు తెచ్చాడు. వెనక సీటు ఎత్తి పంపు కనెక్టరు దగ్గర ఎర్త్ వైరుకి ఒక కొన, బాడీ రేకుకి ఇంకో కొన పెట్టి, పంపు ఆగిపోయినప్పుడల్లా నన్ను కీ ఆపి మళ్ళీ ఆన్ చేయమన్నాడు. ఎర్త్ బాగుంటే అక్కడ సున్నాకి దగ్గరగా చూపించాలి. 4.3 చూపించింది. బోల్టు మీద స్క్రూడ్రైవర్‌తో చిన్నగా కొడితే 9 దాటి, మళ్ళీ 3కి దిగింది. పన్నెండు వోల్టులు అందాల్సిన పంపుకి కుదుపుకొక లెక్కన అందుతోందన్నమాట. ఫోన్‌తో వీడియో తీశా, చెయ్యి వణుకుతోంది, కోపానికో సంతోషానికో చెప్పలేను.

బోల్టు విప్పి, రేకు మెరిసేదాకా ఎమ్రీ పేపర్‌తో రుద్ది, వైరు చివర కోసి కొత్త థింబుల్ నొక్కి, బిగించి, పైన వాజిలిన్ పూశాడు. అరగంట పని. మళ్ళీ మీటరు పెడితే 0.05. ఎంతంటే నీ ఇష్టం సార్ అన్నాడు, 500 ఇస్తే 200 ఉంచుకుని మిగతావి తిరిగిచ్చాడు. ఆ రోజు నుంచి ఇది రాసేదాకా బండి ఒక్కసారి కూడా ఆగలేదు.

తప్పులో నా వాటా ఉందని ఒప్పుకుంటా. ఉప్పునీళ్ళు కార్చింది నా డబ్బాలే, చాప ఎప్పుడూ ఎత్తి చూడనిదీ నేనే. అందుకే బోల్టుకి డబ్బులు అడగలేదు, అక్కర్లేకుండా మార్చిన పంపుకీ కాయిల్స్‌కీ అడిగా. షోరూముకి వెళ్ళి వీడియో చూపిస్తే, బయటివాళ్ళు వైరింగ్ కదిలించారు కాబట్టి కొత్త పంపు వారంటీ పోయినట్టే అన్నారు! సరే పాత పంపు ఇవ్వండి, బాగుందో లేదో చూపిస్తా అన్నా. స్క్రాప్‌కి వెళ్ళిపోయిందట.

కంపెనీ కస్టమర్ కేర్‌కి మెయిల్ పెట్టా, జాబ్ కార్డుల ఫోటోలు, బిల్లులు, వీడియో అన్నీ జత చేసి. నాలుగో రోజు ఒక మెసేజ్: మీ ఫిర్యాదు పరిష్కరించబడింది. ఎవరు, ఏం పరిష్కరించారో దేవుడికే తెలియాలి. అప్పుడు 1915కి ఫోన్ చేశా, అది నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్, తెలుగులోనే మాట్లాడొచ్చు. అక్కడి అమ్మాయి ఓపిగ్గా విని నమోదు చేసి నంబరు ఇచ్చింది. వాళ్ళు తీర్పు చెప్పరు, కంపెనీకి పంపించి సమాధానం అడుగుతారు, అంతవరకే. కుదరకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయొచ్చు, 5 లక్షల లోపు వాటికి ఫీజు కూడా లేదు, రెండేళ్ళ లోపు వేయాలి. మనముండే జిల్లాలోనే వేసుకోవచ్చు. నేను ఆ కాగితాలు కూడా సిద్ధం చేసుకున్నా.

అంతదాకా పోలేదు. పన్నెండు రోజులకు పై స్థాయి మేనేజరొకాయన ఫోన్ చేశాడు. మర్యాదగానే మాట్లాడాడు. ఆయన ఎక్కువసేపు అడిగింది ఒకే ఒక్క విషయం, మూడో జాబ్ కార్డు మీద చేత్తో రాసింది ఎవరు, ఎప్పుడు అని. సంతకానికి ముందే, మీ వాళ్ళ కాపీ మీద కూడా ఉంది చూసుకోండి అన్నా. రెండు రోజుల తర్వాత లేబరూ క్లీనింగూ పూర్తిగా, పార్టుల్లో కొంత కలిపి 9,400 ఇస్తామన్నారు, ఇంతటితో గొడవ లేదని కాగితం మీద సంతకం పెట్టాలి. పెట్టేశా. ఇంకా లాగితే మొత్తం వచ్చేదని మా బావమరిది పోరు. రావచ్చేమో. నాకు ఓపిక అయిపోయింది, వాడికేం, వాడు తిరగలేదు కదా.

డబ్బులు పడ్డ రోజే ఫీడ్‌బ్యాక్ ఫోన్ వచ్చింది, పదికి పది ఇవ్వండి సార్, తొమ్మిదిచ్చినా మాకు ఇబ్బందే అని. ఆ అమ్మాయికి దీంతో ఏం సంబంధం, పది ఇచ్చేశా.

ఇప్పుడు డబ్బాల కింద లోతైన ప్లాస్టిక్ ట్రే పెట్టా, ఆదివారం ఆదివారం చాప ఎత్తి చూస్తా. ఆయిల్ సర్వీసు కావలిలోనే, నేను పక్కన నిలబడి చేయించుకుంటున్నా. సంక్రాంతికి ముందు అదే షోరూము నుంచి ఎక్స్‌చేంజ్ ఆఫరని ఫోన్. ఊరికే రేటు తెలుసుకుందామని బండి తీసుకెళ్ళా. పెయింట్ చూశాడు, టైర్లు చూశాడు, బాగా ఉంచారు సార్ అన్నాడు. తర్వాత కంప్యూటర్‌లో నంబరు కొట్టి, ఒక క్షణం ఆగి, నేననుకున్న రేటుకి 20,000 తక్కువ చెప్పాడు. ఎందుకు బాబూ అంటే స్క్రీన్ నా వైపు తిప్పాడు.

"మా రికార్డులో మీ బండికి పంపు, కాయిల్స్ పోయినట్టుంది సార్. ఈసీఎం కూడా మార్చాలని రాసుంది. రిపీటెడ్ కంప్లైంట్ వెహికల్ కదా, అందుకని."